బట్టల గదిలో కోరింత దగ్గు

ఎవరైనా దెయ్యాల మాటెత్తితే నవ్వే రకం నేను. గుంటూరులో ఒక పిల్లల ఆసుపత్రిలో నర్సుని. ఏ జబ్బు ఎవరి నుంచి అంటుకుంటోందో కనిపెట్టి ఆపడం నా పని.

ఆ ఎండాకాలం మా వార్డులో వేరే జబ్బులతో చేరిన పసిబిడ్డలకు కోరింత దగ్గు మొదలైంది. ఊపిరి అందకుండా దగ్గి, చివర్లో కూత పెట్టినట్టు గాలి పీల్చుకుంటారు. చీమకుర్తి నుంచి వచ్చిన మస్తాన్‌బీ కొడుకు నీలంగా మారిపోతే ఐసీయూలో పెట్టాం. దీని మూలం తేల్చందే వదలకూడదనుకున్నాను.

వార్డులో డాక్టర్లకు, నర్సులకు, తల్లులకు అందరికీ పరీక్షలు చేయించాను. ఎవరిలోనూ లేదు.

ఒక ఉదయం దుప్పట్లు పెట్టే గది ముందు నడుస్తుంటే లోపల అదే దగ్గు. చిన్నపిల్ల గొంతు. బయట గడియ వేసి ఉంది. తీసి చూస్తే మడతపెట్టిన దుప్పట్లు తప్ప ఏమీ లేవు. నా చెవుల భ్రమ అనుకున్నాను. మర్నాడూ వినిపించింది. ఈసారి వెనక మస్తాన్‌బీ ఉంది.

"లోపల పిల్ల అంతలా దగ్గుతుంటే గడియ పెట్టారేందమ్మా?"

అంటే నా చెవుల భ్రమ కాదు. తలుపు తీశాను. ఎవరూ లేరు. భయం కంటే పట్టుదలే ఎక్కువైంది. ఈ గదిలోకి ఎవరెవరు వస్తారని వాకబు చేశాను.

పై అంతస్తు ఆయా కోటమ్మ భోజనం చేశాక అక్కడే నడుం వాలుస్తుందట. మా వార్డు మనిషి కాదు కాబట్టి ఆమెకు పరీక్ష చేయలేదు. వెళ్ళి చూస్తే దగ్గుతోంది.

"మిరప ఘాటుకి గొంతు గరగర, అంతేనమ్మా," అంది. ఇల్లు మిర్చి యార్డు పక్కనే. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల దగ్గని వాళ్ళెవరు? కానీ మా వార్డు తల్లులు అన్నానికి వెళ్తే కిందికొచ్చి పిల్లల్ని ఎత్తుకునేది ఆమే.

పరీక్షలో కోరింత దగ్గని తేలింది.

"నా భుజం మీదే నిద్రపోయారు కదమ్మా ఆ బిడ్డలు!" అని ఏడ్చింది.

"తప్పు నీది కాదు పిన్నీ. ముందు మందులేసుకో," అన్నాను.

ఆమె ఎత్తుకున్న పిల్లలందరికీ, వాళ్ళ తల్లులకీ మందులిచ్చాం. కొత్తగా ఎవరికీ రాలేదు. మస్తాన్‌బీ కొడుకు కోలుకున్నాడు.

కోటమ్మది పొడిదగ్గే, కూత లేదు. పైగా మేము విన్నప్పుడు ఆమె పైన పనిలో ఉంది. ఆ గదిలో దగ్గిందెవరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంటికి వెళ్ళే రోజు మస్తాన్‌బీ నా చెయ్యి పట్టుకుంది. "ఆడపిల్లేనమ్మా. దగ్గు ఆగాక 'అమ్మా' అని పిలిచింది."

ఆ పిలుపు నేనూ విన్నాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.