యోరున్ నమ్మని నీళ్ళు

యోరున్ దేన్నీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. పాల డబ్బా మీద తేదీ చూస్తుంది, మూత తీసి వాసన చూస్తుంది, అప్పటికీ ఒక చుక్క నాలుక మీద వేసుకుంటేగానీ కాఫీలో పోసుకోదు. ఓలేసున్ అనే చలిదేశపు రేవు ఊళ్ళో ఆవిడ ఇంటి పైవాటాలో నేను నాలుగేళ్ళు అద్దెకున్నాను. మెట్లు కడిగానంటే వచ్చి చూడకుండా ఒక్కనాడూ సరే అనలేదు.

ఆవిడ ఉద్యోగమూ అలాంటిదే. ఊరి చివర ఓడల నమూనాలను పరీక్షించే తొట్టి ఒకటి ఉంది. పెద్ద రేకుల కప్పు కింద నూట యాభై మీటర్ల పొడవు సిమెంటు తొట్టి. ఓడ కట్టే ముందు దాని నమూనా చెక్కి, పట్టాల మీద నడిచే బండికి తగిలించి, ఆ నీళ్ళలో లాగుతారు. ఎంత బలం పట్టిందో కాటా చెబుతుంది. లాగుడు తగ్గితే ఓడకు ఇంధనం తగ్గుతుంది, పొగ తగ్గుతుంది. విగ్రా దీవిలో చేపలు పట్టేవాడి కూతురు యోరున్. పంతొమ్మిదో ఏట నమూనాలకు గరుకు కాగితం రుద్దే పనిలో చేరింది. అరవయ్యో ఏటికి తొట్టి మొత్తం ఆవిడ అజమాయిషీలోకి వచ్చింది.

ఆ ఏడే తొట్టి మూతపడేలా ఉంది. చాలామంది కంప్యూటర్లలోనే లెక్కలు కట్టేసుకుంటున్నారు. జనాన్ని నీళ్ళు దాటించే, బ్యాటరీలతో నడిచే మూడు ఫెర్రీలు కట్టించబోయే కంపెనీ ఒక్కటి మాత్రం, ముందు ఒక పరీక్ష చేయండి, నచ్చితే మిగతా పని ఇస్తాం అంది. ఆ పని రాకపోతే క్రిస్మస్‌కు తాళం వేస్తామని యాజమాన్యం చెప్పేసింది. యోరున్ పింఛనుకు ఇంకా ఏడేళ్ళుంది. వేరే పని రాదు.

జూలైలో తొట్టికి మూడు వారాల సెలవులు. అంత ఎండ కాసిన వేసవి ఎవరికీ గుర్తు లేదు. తెరిచిన వారంలోనే కొత్త ఫెర్రీ నమూనాను లాగారు. దాన్ని గీసింది తూరా, అప్పుడే చదువు ముగించి వచ్చిన ఇంజనీరు. వసంతంలో లాగిన పాత ఫెర్రీ నమూనా కంటే నూటికి పదకొండు పాళ్ళు తక్కువ బలం పట్టింది. డైరెక్టర్ ఐవిన్ కేకు తెప్పించాడు.

"తినవేం యోరున్? ఇందులోనూ ఏమైనా కలిపామనా?"

"పదకొండు మరీ ఎక్కువ."

"మంచి ఫలితం వస్తే ఏడ్చే మనిషిని నిన్ను తప్ప ఎవరినీ చూడలేదు!"

ఆవిడ అనుమానం ముందు తూరా మీదికే పోయింది. చిన్నపిల్ల, పేరు తెచ్చుకోవాలనుంటుంది. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి కాటా మరలు విప్పుతుంటే తూరా లోపలికి వచ్చింది.

"నా కాటాతో ఏం పని?"

"నీది కాదు, తొట్టిది. చూస్తున్నా."

"చూసేది కాటాని కాదు, నన్ను. నేనేదో తిప్పాననేగా? సూటిగా చెప్పు."

యోరున్‌కు అబద్ధం చేతకాదు. "అవును," అంది.

తూరా ముఖం కందిపోయింది. "అయితే బరువులు పెట్టి చూడు. ఇక్కడే నిలబడతా."

కాటా నిక్కచ్చిగా ఉంది. తూరా మరలు బిగించి వెళ్ళిపోయింది.

మరి తప్పెక్కడ? యోరున్ తొట్టి అంచున కూర్చుని నీళ్ళలో వేళ్ళు ముంచి, బొటనవేలితో రుద్ది చూసింది. ఉందో లేదో అన్నంత జారుడు. చేప ఒంటి జిగురు లాంటిది. నీళ్ళు వడపోసే మోటారు దగ్గరికి వెళ్ళింది. అది ఆగి ఉంది. స్విచ్చి మీద చీటీ: "కరెంటు పొదుపు. ముట్టుకోవద్దు. ఐవిన్."

ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళను పరీక్షించడానికే లాగే పాత చెక్క పడవ ఒకటి ఉంది. అందరూ దాన్ని బామ్మ అంటారు. నీళ్ళు బాగుంటే దానికి పట్టే బలం ఎప్పుడూ ఒక్కటే. దాన్ని దింపి మూడుసార్లు లాగింది. కాగితం తీసుకెళ్ళి ఐవిన్ బల్ల మీద పెట్టింది.

"ఈ వేసవిలో బామ్మ కూడా సన్నబడింది. ఆరు పాళ్ళు తక్కువ బలం పట్టింది. వడపోత ఆగి, ఈ ఎండలకు నీళ్ళలో నాచు జిగురు చేరింది, ఏ పడవైనా సులువుగా జారిపోతుంది. మన ఫెర్రీ గొప్ప ఐదే. మిగతాది నాచుది."

ఐవిన్ లేచి తలుపు మూశాడు. "ఫలితం నిన్ననే పంపేశాను. ఇప్పుడు కాదంటే తాళం పడేది నీ తొట్టికే."

"తెలుసు."

"ఎవరూ కనిపెట్టలేరు యోరున్."

"పదకొండు నమ్మి బ్యాటరీలు తగ్గిస్తారు. జనవరి ఎదురుగాలిలో ఫియోర్డు పాయలో, నడి నీళ్ళలో ఫెర్రీ ఆగిపోతే లోపలుండేది మనవాళ్ళే."

ఐవిన్ కాగితాన్ని సొరుగులోకి తోశాడు. "సరే, రాస్తాలే. వెళ్ళు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "రాయి. అది వెళ్ళాక నేను వెళ్తా."

"నన్నూ నమ్మవా?"

"మోటారు ఆపినట్టు నాకు చెప్పావా?"

ఉత్తరం వెళ్ళింది. నీళ్ళు మార్చి తన ఎదుటే మళ్ళీ లాగాలని కంపెనీ మనిషి వచ్చి నిలబడ్డాడు. ఐదే వచ్చింది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

"మా కంప్యూటరు లెక్కా దగ్గరదగ్గర ఇంతే. మీ పదకొండు చూసి ఇంకో తొట్టికి పోదామనుకున్నాం."

మూడు ఫెర్రీల పని రాలేదు, ఒకదానిదే వచ్చింది. తాళం సంగతి మరుసటి ఏడాదికి వాయిదా పడింది.

ఆ మధ్యాహ్నం తూరా నమూనా తుడుస్తుంటే యోరున్ వెళ్ళి పక్కన నిలబడింది.

"కాటా విషయంలో తప్పు నాది."

"పోనీలే." తూరా తల ఎత్తలేదు. "పదకొండు నిజమైతే ఎంత బాగుండేది!"

"నాకూ అలాగే అనిపించింది. అందుకే నమ్మలేదు."

"రేపటినుంచి కాటా ఇద్దరం కలిసి చూద్దాం," అంది తూరా. "నువ్వొక్కదానివే మరలు విప్పితే నాకు నమ్మకం ఉండదు."

యోరున్ అది సబబేనని ఒప్పుకుంది.