మగ్గాల ఇంటికి ఏ గిటారు?

గిటారు కొనాలని పొద్దున గుడియాత్తం నుంచి వేలూరు పోయినా. చిన్నదీ పెద్దదీ మార్చి మార్చి వాయించినా, ఏదీ కుదరలా. అంగడాయన చెవులు మూసుకున్నాడు.

"ఏం తంబీ, ఇంత గట్టిగా కొడతావు?"

"ఇంట్లో మగ్గాలుండాయన్నా. మెల్లగా వాయిస్తే నాకే వినపడదు."

"ఈడ మగ్గం లేదు కదా. మెల్లగా వాయించు."

చిన్న గిటారు తీసుకుని వేళ్లతో మెల్లగా మీటినా. ఎంత బాగుండాదో. ఇన్నేళ్లు నా స్టైలు అనుకున్నదంతా మగ్గాన్ని మించి అరవడమేనని అప్పుడు తెలిసింది. కానీ ఈ మెత్తని వాయింపు మా ఇంట్లో ఎవరికి వినపడుతుంది? ఏదీ కొనకుండా బస్సెక్కేసినా.

ఇప్పుడు పక్కన నాయన మగ్గం నేస్తా ఉండాడు. నాకు కూచోబుద్ధి కావడంలా. చెప్పండప్పా, నా వేళ్లకు సరిపోయేది కొనేదా, మా ఇంటికి సరిపోయేదా?