అడ్డుతెర దిగాకే అక్షింతలు

బందరులో నేను కంప్యూటర్ సెంటర్ నడిపిన రోజుల్లో వెబ్‌పేజీలో బొమ్మలు కదిలించడమంటే ఘనకార్యం. ఏది ముందు కనపడాలి, ఏది తర్వాత రావాలి, మధ్యలో ఎంతసేపు ఆగాలి, అన్నీ మనమే రాసుకోవాలి. వచ్చిన ప్రతివాళ్లూ "పేరు గిర్రున తిరగాలండీ, పువ్వులు రాలాలండీ" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఫోన్ లైను మీద పేజీ రావడమే గగనం, పైగా పువ్వులు కూడానా!

నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న నాగాయలంక అమ్మాయికి పెళ్లి కుదిరింది. వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవరు. సెలవు ఇవ్వలేదు. ఓణీల్లో ఉండగా వదిలి వెళ్లిన కూతురిని పెళ్లికూతురిగా, అదీ ముహూర్తం వేళకే చూసుకోవాలని ఆయన కోరిక. ఆ పని మీద అమ్మాయి మేనమామ బస్సెక్కి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"పేజీ తెరవగానే అడ్డుతెర ఉండాలమ్మాయ్. ముహూర్తానికి అది దిగాలి. పిల్ల కనపడాలి. అప్పుడు అక్షింతలు పడాలి."

"ఫోటో మెయిల్ చేస్తే సరిపోదా బాబాయ్?"

"ఫోటో ఎప్పుడైనా చూస్తాడు మా బావ. పెళ్లి చూడొద్దూ?"

సరేనన్నాను.

పెళ్లికూతుర్ని చేసిన రోజు తీసిన ఫోటో స్కాన్ చేశాను. తెర దిగాలి, కాసేపాగి అక్షింతలు రాలాలి అని రాశాను. నా కంప్యూటర్లో చక్కగా నడిచింది. మేనమామని పిలిచి నెట్‌లో పెట్టి చూపించాను. తెర దిగింది. ఫోటో పెద్దది, పాపిట బిళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. అక్షింతలు మాత్రం ఠంచనుగా ఖాళీ చోటు మీద రాలిపోయాయి.

"ఇదేం పెళ్లమ్మా! పిల్ల మొహమే రాలేదు, ముందే అక్షింతలా? అపచారం! మా బావ చూస్తే ఏమైపోతాడు?"

సెంటర్లో అందరూ మావైపు తిరిగారు. నాకు కోపం నెత్తికెక్కింది గానీ ఆయనన్నది నిజమే. ఇంతసేపు ఆగు అని రాస్తే కుదరదు. ముందుది పూర్తయితేనే తర్వాతది కదలాలి. మళ్లీ కూర్చున్నాను. ఫోటో మొత్తం వచ్చేస్తేనే తెర, తెర పూర్తిగా తొలగితేనే అక్షింతలు. కువైట్ గడియారం మనకన్నా వెనక నడుస్తుంది కాబట్టి ముహూర్తాన్ని అక్కడి టైముకి మార్చాను. బాగా ముందే రూములో ఉన్న కంప్యూటర్లో పేజీ తెరిచి పెట్టుకోమని అమ్మాయి నాన్నకి కబురు చేశాం.

శుక్రవారం పొద్దున నాగాయలంకలో, వాళ్లింటి ముందు పందిట్లో పెళ్లి, నేనూ వెళ్లాను. కువైట్‌లో ఆయనకి ఆ రోజు ఎలాగూ వారపు సెలవే. పీటల మీద ఇద్దరూ కూర్చున్నారు, మధ్యన అడ్డుతెర పట్టారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ అతను టిఫినుకెళ్లాడట! పంతులుగారు "కానివ్వండి, కానివ్వండి" అంటుంటే మేనమామ అడ్డం నిలబడ్డాడు.

"లైట్లు లేకుండా జీలకర్రా బెల్లం వద్దండీ! వీడియోలో చీకటి పడుద్ది. ఆ క్యాసెట్టు మా బావకి పంపాలి!"

పంతులుగారు విసుక్కుంటూ వాచీ చూసుకున్నారు. ఇక్కడంటే బతిమాలుకోవచ్చు, నేను రాసిన పేజీ ఎవరి కోసమూ ఆగదు.

అంతలో ఇంట్లో ఫోను మోగింది. మేనమామ పరుగెత్తాడు, వెనకే నేనూ వెళ్లాను. అవతలి గొంతు ఎంత పెద్దదంటే పక్కనున్న నాకూ వినపడింది.

"ఒరేయ్, తెర దిగిందిరా! పిల్ల అచ్చం మా అమ్మలా ఉందిరా! బియ్యంలో పసుపు కలిపి పెట్టుకున్నాం, మా రూములో వాళ్లందరం లేచి నిలబడి వేశాం. మీరందరూ వేశారా?"

పందిట్లో అడ్డుతెర అలాగే ఉంది. దాని అంచు పట్టుకున్న ముత్తయిదువ చెయ్యి నొప్పెట్టి మార్చుకుంటోంది. ముందే అక్షింతలా అని నా మీద అరిచిన మనిషి అటు చూశాడు, నన్ను చూశాడు.

"వేశాం బావా. నీతో పాటే వేశాం."

ఫోను పెట్టేసి, కండువాతో మొహం తుడుచుకుని పందిట్లోకి పరుగెత్తాడు.

"కానివ్వండి పంతులుగారూ! లైట్లూ వద్దు, ఏమీ వద్దు. వాళ్ల నాన్న అక్షింతలు వేసేశాడు!"