ట్రాము మీద ఆఖరి మాట

కెనడాలోని రెజైనాలో మాకు రాత్రిబడి నడిపిన మాస్టారు పోయిన వారం కన్నుమూశారు. ఆ కబురు చెప్పింది నా సహాధ్యాయిని, ఆస్పత్రి వంటశాలలో పనిచేసే నెల్లూరు ఆవిడ. నాకంటే ముందు ఆమెకెలా తెలిసిందన్నదే నాలో మొదట మెదిలిన ప్రశ్న.

చర్చి కింది హాలులో, గోడమీద పాత మూకీ హాస్యచిత్రం వేసి మాస్టారు ఇంగ్లీషు నేర్పేవారు. బొమ్మకు మాట లేదు గనుక మాటలు మేమే అందించాలి. ఒక పత్రికా విలేఖరి తీసిన ఫోటోను ఓ టక్కరి ఎత్తుకుపోయి, ఆ ఘనత తనదిగా చేసుకుంటాడు. చివరికి ఇద్దరూ నడివీధిలో కలబడతారు. ట్రాము వచ్చి ఇద్దరినీ తన ముందుభాగంలోని చట్రంమీద ఎత్తుకుపోతుంది. అక్కడా కొట్టుకుంటూనే ఉంటారు. ఆ ముగింపుకు మాట చెప్పడం మాలో పెద్ద గౌరవం.

నేను ఎంతో సాధన చేసి చెప్పిన వాక్యం: "సర్, కైండ్లీ రిలీజ్ మై కాలర్."

"గ్రామర్ బంగారమయ్యా," అన్నారు మాస్టారు. "పీక పట్టుకున్నవాణ్ణి ఎవడైనా కైండ్లీ అంటాడా? నీ విలేఖరికి ఇంకా దెబ్బ తగల్లేదు."

నెల్లూరు ఆవిడ మాత్రం "హే! మై ఫోటో!" అని అరిచేది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వేవారు. ఏటా తరగతి చివరి రోజున పాత విద్యార్థులం కూడా చేరేవాళ్లం. ఏటా ముగింపు ఆమెకే దక్కేది.

నలభై దాటాక నేను పన్నెండో తరగతి పట్టా పొందానంటే అది ఆయన చలవ. మంచులో బస్టాపుదాకా నాతో వచ్చి, బస్సు కనిపించేదాకా ప్రశ్నలడిగేవారు. ఆ భాగ్యం నా ఒక్కడిదే అనుకున్నాను. స్మారక సభలో ఆమె కూడా అదే బస్టాపు గురించి చెప్పింది.

తరువాత ఆ సినిమా వేశారు. ట్రాము కనబడగానే ఆమె లేచింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. కన్నీళ్లు ఆమెకంత సులువుగా వచ్చినందుకూ నాకు అసూయ కలిగింది.

"నా వల్ల గాదన్నా. మీరు చెప్పండి, ఆ కైండ్లీ."

"వేళాకోళమా?"

"కాదన్నా. మాస్టారు ఇంట్లో అన్నం తింటా కూడా అది చెప్పి నవ్వేవారంట. వాళ్లావిడే నాకు చెప్పింది."

కోటు గుండీలు పెట్టుకుని లేచాను. "సర్, కైండ్లీ రిలీజ్ మై కాలర్."

హాలంతా నవ్వింది. మాస్టారు కూర్చునే ముందు వరుస కుర్చీలో ఎవరూ లేరు. దాని నీడ గోడ అంచున పడింది. కలబడ్డ ఇద్దరినీ మోసుకుంటూ ట్రాము ఆ నీడను దాటిపోయింది.