గడిలో పడని అక్షరాలు

సుచెన్ అక్క తెర చూస్తూ టైపు చేయడం నేనెప్పుడూ చూడలేదు. తుంగ్‌కాంగ్ రేవులో డాక్టర్ క్వో గారి క్లినిక్‌లో ముందు బల్ల ఇరవై రెండేళ్లుగా ఆమెదే. పడవ దిగి నేరుగా మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి పళ్లుండవు, మిగతా సగం మంది నోట్లో వక్క ఉంటుంది. వాళ్ల మాట అందాలంటే పెదాలు చూడాలి. అందుకే ఆమె కళ్లు ఎదుటివాళ్ల మొహం మీద, వేళ్లు మీటల మీద ఉండేవి. టైపింగు నేర్చుకునేటప్పుడు చేతుల మీద గుడ్డ కప్పేవారని కాస్త గర్వంగానే చెప్పేది. ఆమె పక్కనే నా మందుల కౌంటరు. మా ఇద్దరి మధ్య ఒక పలచటి చెక్క అడ్డు, అంతే.

కిందటేడు వసంతంలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. బీమా కార్డు దూర్చగానే తెర మధ్యలో చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని, వివరాలు చదువుకుని, దానంతటదే మూసుకుపోతుంది. ఏదైనా మీట పొరపాటుగా తగిలితే టింగుమని మోగేది. ఆ మోత వినలేక డాక్టరుగారు మొదటి వారంలోనే స్పీకరు తీగ పీకించేశారు.

ఆ మే నెలలోనే ఒక సోమవారం పొద్దున చిన్‌లియెన్ వచ్చింది. వేలం షెడ్డులో చేపలు కోసే మనిషి, అరవై ఏడేళ్లుంటాయి. ట్యూనా ముల్లు గుచ్చుకుని చూపుడువేలు వంకాయలా వాచిపోయింది. కార్డు కోసం ఎడమ చేత్తో సంచీ వెతుక్కుంటూనే మాట్లాడుతోంది.

"పెన్సిలిన్ నాకు పడదమ్మాయ్. చిన్నప్పుడోసారి ఇస్తే ప్రాణం పోయినంత పనైంది. రాసుకున్నావా?"

"రాస్తున్నా పిన్నీ. కార్డు దొరికితే అందులో పెట్టు," అంది సుచెన్ అక్క. అప్పుడే చిన్‌లియెన్ కార్డు దూర్చింది.

గంట తిరక్కుండా లోపల్నుంచి నర్సు మెయ్‌యున్ కేక వినిపించింది. ఇంజెక్షను ఇచ్చిన పది నిమిషాలకు చిన్‌లియెన్ పెదాలు ఉబ్బి, ఊపిరి ఆడక గొంతు పట్టుకుందట. డాక్టరుగారు అడ్రినలిన్ ఇచ్చారు. అంబులెన్సులో పింగ్‌తుంగ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మనిషి బతికింది. కానీ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది.

ఇచ్చింది పెన్సిలినే. ఆ సీసా మెయ్‌యున్ చేతికి అందించింది నేనే. తెర మీద పడని మందుల గడి ఖాళీగా ఉంటే అలాంటిదేమీ లేనట్టేనని అనుకోవడం మా అందరి అలవాటు. ఆ పొద్దున జనం ఎక్కువై తను నోటితో అడగలేదని మెయ్‌యున్ ఏడుస్తూ ఒప్పుకుంది.

మర్నాడు డాక్టరుగారు అందరినీ కూర్చోబెట్టి తెర మీద ఆ పేజీ తెరిచారు. గడి ఖాళీ.

"నేను టైపు చేశానండి," అంది సుచెన్ అక్క.

"చేస్తే ఉండాలిగా. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లనీ అడిగాను. అసలేమీ ఎక్కించలేదంటున్నారు."

"చేశానండి. ఆవిడ చెప్పగానే చేశాను."

డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చేద్దామనుకుని ఉంటావు సుచెన్. యాభై దాటాక నాకూ అలాగే ఉంటోంది." తర్వాత నా వైపు తిరిగారు. "పెయ్‌యూ, నువ్వు పక్కనే ఉన్నావుగా. ఏమైనా విన్నావా?"

విన్నాను. పెన్సిలిన్ అన్న మాట విన్నాను, వెంటనే మీటల చప్పుడూ విన్నాను. ఆ మాట అంటే, విని కూడా సీసా ఎలా ఇచ్చావని అడుగుతారు. అది ఎవరికి వెళుతుందో ఆ క్షణాన నాకు తట్టలేదంటే ఎవరు నమ్ముతారు?

"గుర్తులేదండి," అన్నాను.

సుచెన్ అక్కను వెనక గదిలో పాత కాగితాలు సర్దే పనిలో పెట్టారు. ఆమె ఎదురు చెప్పలేదు. కానీ మనిషి మారిపోయింది. ఇంటి తాళం వేశానో లేదోనని దారి మధ్యలోంచి వెనక్కి వెళ్లేది. ఒకరోజు ఫోనులో వాళ్ల చెల్లెల్ని అడుగుతుంటే విన్నాను. "అమ్మకి మతిమరుపు మొదలైనప్పుడు ఎన్నేళ్లే? నిజం చెప్పు." 

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా క్లినిక్ మూసేస్తాం. అందరూ ఇళ్లకు పోతారు. ఆ సమయంలో ఆమె ముందు బల్ల దగ్గర కూర్చుని, తన కార్డే పెట్టి తన పేజీలోనే ఏదో టైపు చేసేది. రోజూ అదే పని. అయిదో రోజు నేను పాలబొంత చేప జావ తెచ్చుకుని అక్కడే తింటున్నాను.

"పెయ్‌యూ, ఇలా రా," అంది.

"ఏంటక్కా?"

"ఇన్నాళ్లూ కార్డు ముందే పెట్టి చూస్తున్నాను. ఆ రోజు ఆవిడ కార్డు ఆలస్యంగా పెట్టింది కదా. నేను అప్పటికే గడి మీద నొక్కి ఉన్నాను. చూడు."

గడి మీద నొక్కి, అప్పుడు కార్డు దూర్చింది. చిన్న పెట్టె వచ్చింది, పోయింది. అక్షరం పడే చోటు చూపిస్తూ గడిలో ఆడుతుండాల్సిన గీత లేదు. తెర మీద మరెక్కడా లేదు. ఆమె టైపు చేసింది. మా లిపిలో ఒక్కో అక్షరానికి కొన్ని శబ్దాల గుర్తులు కొట్టాలి. అవి అక్షరాలయ్యేముందు ఒక సన్నటి పట్టీలో కనిపిస్తాయి. మామూలుగా అది గడి పక్కనే ఉంటుంది. ఇప్పుడు తెర ఎడమ పై మూలకు పోయి ఉంది. అందులో 'పెన్సిలిన్ పడదు' అని శుభ్రంగా రాసి ఉంది. ఎంటర్ నొక్కగానే మాయమైంది.

"ఎక్కడికి పోయాయక్కా?"

"ఎక్కడికీ పోలేదు. పెట్టె వచ్చిపోయాక గీత ఏ గడిలోనూ ఉండదు, ఇక అక్షరాలకి చోటుండదు. మిషను వాటిని ఊరికే పారేస్తుంది. చెప్పనైనా చెప్పదు."

ఆమె మొహంలో సంతోషం కనిపిస్తుందనుకున్నాను. లేదు. "నేను ఒక్కసారి తల తిప్పితే కనిపించేది," అంది మెల్లగా.

నా చేతిలో జావ చల్లారిపోయింది. "అక్కా, ఆ రోజు నేను విన్నాను. మీటల చప్పుడు కూడా."

ఆమె మీటల మీంచి చేతులు తీసింది. "నాకు పిచ్చెక్కుతోందని అనుకుంటూ పదిహేను రాత్రులు పడుకున్నానే," అంది.  తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఇద్దరం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆమె చేసి చూపించింది, నేను నా మాట చెప్పాను. ఆయన మూడుసార్లు తనే చేసి చూశారు. తర్వాత లేచి వెళ్లి, పీకించిన స్పీకరు తీగను తన చేత్తోనే పెట్టి మళ్లీ టైపు చేశారు. ఎంటర్ నొక్కగానే టింగుమంది. "దీన్ని పీకించింది నేనే," అన్నారాయన.

కంపెనీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. గడి ఎంచుకోకుండా టైపు చేస్తే కంప్యూటరేం చేస్తుందన్నారు. డాక్టరుగారు రోజూ ఫోను చేశాక, పెట్టె మూసుకోగానే గీత మళ్లీ అదే గడికి వచ్చేలా మార్చారు. గడి ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు.

సుచెన్ అక్కకు అది చాలలేదు. వసంతం నుంచి ఆ గడి ఖాళీగా ఉన్న వాళ్లందరికీ ఒక్కొక్కరికీ ఫోను చేసింది. పదకొండు రోజులు పట్టింది. మరో ముగ్గురి మాటలు అలాగే గాల్లో కలిసిపోయాయని తేలింది. వాళ్లకేమీ కాలేదు, అది అదృష్టం.

ఆ పని అయ్యాక చిన్‌లియెన్‌ను చూడ్డానికి వేలం షెడ్డుకు బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. చిన్‌లియెన్ ఎడమ చేత్తో కత్తి పట్టి నెమ్మదిగా కోస్తోంది. మేం చెప్పిందంతా కత్తి ఆపకుండా విన్నది.

"అయితే మిషను తప్పా, నీ తప్పా?"

"రెండూ పిన్నీ. నేను తెర చూడలేదు."

"ఈ పిల్లో?"

"నేను విని కూడా సీసా ఇచ్చాను," అన్నాను.

చిన్‌లియెన్ కత్తి కింద పెట్టి వేలు చూపించింది. అది సగమే ముడుచుకుంటోంది. "మా అమ్మాయి మీ గుమ్మం తొక్కొద్దంది. నేనూ తొక్కను. క్షమించేశానని అంటాననుకుని వస్తే, ఆ మాట నా నోట్లోంచి రాదు. నోరు వాచి ఊపిరి ఆగుతుంటే నేను చెప్పానే, చెప్పానే అనుకుంటూ ఉన్నాను. మీరెవరూ వినలేదనుకున్నా."

"విన్నాం పిన్నీ," అంది సుచెన్ అక్క.

 చిన్‌లియెన్ కాలితో ఒక పీటను మా వైపు తోసింది. "నిలబడ్డారేం. మంచు కరిగి అంతా తడి. ఒకరు దాని మీద కూర్చోండి, ఒకరు ఈ తోక పట్టుకోండి. ఒంటి చేత్తో జారిపోతోంది."

నేను తోక పట్టుకున్నాను. వేలం గంట కొట్టేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం.