ఏడో పంక్తిని మింగని సారు

సారు నోరు మూయించింది మీరే. దిల్‌సుఖ్‌నగర్ తెలంగాణ ఉద్యమ శిబిరంలో ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నవారు మీరు. ఎల్బీనగర్ కాలనీ నుంచి శాలువా తెచ్చి, కప్పకుండానే తిరిగి పట్టుకుపోయినవారూ మీరే. ఆ మీలో నేనూ ఉన్నాను. ఆ సంగతికి వస్తాను.

మొన్న గురువారం పొద్దున సైదాబాద్‌లోని కిరాయి ఇంట్లో సారు పోయారు. ఆ రోజు బంద్. అది సాకు. తెలుగు చెబుతూ సగం సైదాబాద్‌ను పెంచిన మనిషి పాడె మోయడానికి నలుగురి కోసం గల్లీ చివరిదాకా చూడాల్సి వచ్చింది. గల్లీ చివర ఎవరూ లేరు.

బడి లేని రోజు ఆయన సైకిలు మీద శాసనాల వెంట తిరిగేవారు. గుడికి ఎవరు ఏమిచ్చారో చెక్కిన పాతరాళ్ళు అవి. రాయిని కడిగి, తడికాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొట్టేవారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగాక గుడ్డమూటతో సిరా అద్దేవారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలేవి. అది ఆరేదాకా ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు, వెంట వెళ్ళిన మా శిష్యుల నీడ పడినా కసిరేవారు.

గుడి లోపలికి మాత్రం పోయేవారు కాదు. నాస్తికుణ్ణని చెప్పుకునే నేను దానికి సంబరపడితే చల్లటి నీళ్ళు చల్లారు. "నాకు దేవునితోని పని లేదురా. దేవునికి ఇచ్చినోళ్లతోని పని." ఏ రాజు కాలందని అడిగితే విసుక్కునేవారు. రాజు పేరు తారీకు కోసం రాస్తరు, ఇచ్చినోళ్ల పేరు కోసం రాయి నిలవెడ్తరు అనేవారు.

ఎల్బీనగర్ పక్కన మన్సూరాబాద్ దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ కాలనీ గుడి ముందు పైపుల కోసం తవ్వితే రాయి ఒకటి బయటపడింది. పైన సూర్యుడు, చంద్రుడు. కింద పది పంక్తులు. చచ్చిపోయిన కొడుకు పుణ్యం కోసం, గుళ్ళో దీపం ఆరకుండా సూర్యచంద్రులున్నంత కాలం రోజూ మానెడు నూనె ఇచ్చేలా ఒక గానుగావిడ చెక్కించిన రాయి. ఆ దీపం ఆర్పినవాడు గంగ ఒడ్డున ఆవును చంపిన పాపాన పోతాడని చివర శాపం. అది దాతలందరూ వేయించే శాపమే. ఏడో పంక్తి మాత్రం ఆమె సొంతం. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ గానుగ పెట్టుకున్నానని చెప్పుకుంది.

ఉద్యమం అప్పుడు మంచి ఊపులో ఉంది. శిబిరంలో పంచే కరపత్రం రాసింది నేను. 'మన రాయి, మన దీపం' అని పేరు పెట్టాను. సారు ఆ రాతి మీద తీసిన అచ్చు కాగితం అడిగి తెచ్చి జిరాక్సు తీయిస్తూ, ఏడో పంక్తి మీద నల్లకాగితం ముక్క కప్పాను. అక్కడేదో ఉండేదన్న అనుమానం కూడా రాలేదు ఎవరికీ. వాదనకు అడ్డమొచ్చింది, తీసేశాను. చరిత్రను వక్రీకరిస్తున్నారని పాలకుల మీద పేజీలు నింపిన చేతులే ఇవి.

సారు కరపత్రం తీసుకున్నారు. వేలు పెట్టి పంక్తులు లెక్కపెట్టారు. తొమ్మిది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. "కింద శాపం సదివినవా?" అని మాత్రం అడిగారు.

ఆ సాయంత్రం శిబిరంలో మాట్లాడాల్సింది ఆయనే. అసలు కాగితం విప్పి ఏడో పంక్తితోనే మొదలుపెట్టారు. ముందు వరసలో గొణుగుడు మొదలైంది. గీ ముచ్చట ఇప్పుడెందుకు, ఎవరి దిక్కు నువ్వు సారూ అని ఒకాయన లేచాడు.

"రాయి దిక్కు" అన్నారు సారు. "తెలంగాణ నాకు గూడ గావాలె బిడ్డా. గని కొడుకు పోయిన తల్లిని ఎల్లగొట్టి తెచ్చుకునుడు నాతోని గాదు."

మైకు లాగేశారు. నేను వేదిక మీదే ఉన్నాను. కుర్చీలోంచి లేవలేదు.

కబురు కాలనీకి పోయింది. మర్నాడే గుడి కమిటీ అధ్యక్షుడు శాలువా, యాపిల్ పండ్లు పట్టుకొని సారు ఇంటికి వచ్చాడట. చూశారా మాస్టారూ, మేం నిన్న మొన్న వచ్చినవాళ్ళం కాదు, మా మీటింగులో మీరొక్క మాట చెబితే చాలన్నాడట.

"గామె వచ్చి దీపం వెట్టింది సార్" అన్నారట సారు. "వెంచర్లు వెయ్యలే."

శాలువా సంచిలోంచి బయటికి రాలేదు. పండ్లు మరిచిపోయి వెళ్ళారని, అవి మాత్రం తియ్యగున్నయని ఆయనే నవ్వుతూ చెప్పారు. నాతో నవ్వడం అదే ఆఖరు.

తర్వాత గుడి బాగుచేశారు. కొత్త దాతల పేర్లు పాలరాతి మీద బంగారు రంగులో గోడకెక్కాయి. ఫ్యాను ఇచ్చినవారి పేరు ఫ్యాను రెక్కల మీద కూడా ఉంది. పాతరాయి కాళ్ళు కడుక్కునే కుళాయి దగ్గర మెట్టయింది. గరుకుగా ఉంది, కాళ్ళకు గుచ్చుకుంటోందని మేస్త్రీ చేత మిషను పెట్టి రుద్దించారు. కుట్ర కూడా కాదు, భక్తుల సౌకర్యం! నేను కాగితం మీద ఒక పంక్తి తీశాను. మీరు రాతి మీద పదీ తీశారు.

సారు వెళ్ళి, తడిరాయి మీద చెయ్యి పెట్టి తడిమారట. పైమూల సగం చంద్రుడు తగిలాడట. ఇంటికొచ్చి, చంద్రుడున్నన్ని నాళ్ళు అన్నదామె, చంద్రుడే సగమాయె అన్నారని అమ్మ చెప్పింది. సారు భార్యను మేం అమ్మ అనే పిలుస్తాం.

దహనం అయ్యాక అమ్మ ఒక అట్టగొట్టం నా చేతిలో పెట్టింది. లోపల నల్లకాగితం. ఆ రాయికి ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

"నీకే ఇయ్యమన్నడు. పది ఉన్నయట, లెక్కవెట్టుకొమ్మన్నడు."

నమ్మకమో తిట్టో నాకు తెలియదు. లెక్కపెట్టుకున్నాను. పదీ ఉన్నాయి.

ఇక నేను అడిగేవి ఇవి.

ఆ రాయిని కుళాయి దగ్గర నుంచి లేపండి. అక్షరాలు లేకపోయినా లేపండి.

పాలరాళ్ళ పక్కన ఆమె పేరు చెక్కించండి. ఏడో పంక్తితో సహా. బంగారు రంగు అక్కర్లేదు.

నా కరపత్రం మీ ఇంట్లో ఉంటే చింపేయండి.

పాలకులారా, మా రాష్ట్రం ఇవ్వండి. అందులో అక్షరం తగ్గేది లేదు.

సారు పదోనాడు శిబిరంలో మైకు నాకివ్వండి. పది పంక్తులూ చదువుతాను. ఏడోది చదివేటప్పుడు ఎవరూ దగ్గరికి రాకండి. కాగితం ఇంకా ఆరలేదనుకోండి.