ఇవి నీ చేతివి గావు

మా అమ్మ నాకు బీడీలు చుట్టడం నేర్పలేదు. మరిచిపోయి కాదు, పట్టుబట్టి నేర్పలేదు. మేముండే సోలాపూర్ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఆడపిల్లకు ఏడెనిమిదేళ్లు వచ్చాయంటే తల్లి పక్కన చిన్న చాట పెట్టుకుని కూర్చోవాల్సిందే. మొదట కట్టలకు దారం కట్టడం, తర్వాత బీడీ మూతి మడవడం, ఆ తర్వాత చుట్టడం. నేను చాట ముట్టుకుంటే మాత్రం చేతి మీద దెబ్బ పడేది. "నువ్వు పుస్తకం ముట్టుపో" అనేది. తునికాకు నానబెట్టిన గోనె సంచి విప్పడానికి కూడా నన్ను పిలిచేది కాదు. దాజీ పేట్‌లో మరమగ్గం నడిపే నాన్న నేను డిగ్రీలో ఉండగా పోయాడు. ఇల్లంతా ఆమె వేళ్ల మీదే పడింది. అప్పుడు కూడా ఆ నియమం సడలలేదు.

అలా చాటకు దూరంగా పెరిగి నేను విమానంలో పనికి చేరాను. బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపించడం, నీళ్లందించడం, నవ్వడం. ఆ ఉద్యోగాన్ని కాలనీలో అమ్మ ఎంత పెద్దది చేసి చెప్పిందంటే, విమానం నేనే నడుపుతానని సగం మంది నమ్మారు. ఆమె వాళ్ల మాట దిద్దలేదు. నేనూ దిద్దలేదు.

నేను చేసింది అంతకంటే హీనమైన పని. ఉద్యోగం కోసం ముంబై వెళ్లినప్పుడు ఇంటర్వ్యూ గదిలో, మీ అమ్మగారు ఏం చేస్తారని అడిగారు. "ఇంట్లోనే ఉంటారు" అన్నాను. సెలవుల్లో ఇంటికొస్తే యూనిఫాం ఉన్న పెట్టెను పాలిథిన్ సంచిలో మూటగట్టి అటక మీద పెట్టేదాన్ని, తంబాకు వాసన పట్టకుండా. ఎందుకలా పెడుతున్నావని అమ్మ ఒక్కసారీ అడగలేదు. అడగనందుకు నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కరోనా వచ్చాక కొన్నాళ్లు విమానాలు ఆగాయి. మళ్లీ మొదలైనప్పుడు తల నుంచి కాళ్ల దాకా తెల్లటి తొడుగులు వేసుకుని ఎక్కాం. ప్రయాణికులు మమ్మల్ని చూసి భయపడ్డారు, మేము వాళ్లను చూసి భయపడ్డాం. అలాంటి ఒక వారంలో నేను వేరే ఊళ్లో హోటల్ గదిలో బందీగా ఉన్నాను, పరీక్ష ఫలితం వచ్చేదాకా బయటికి రాకూడదు. అదే వారం అమ్మకు జ్వరం వచ్చి ఊపిరి అందకపోతే పక్కింటివాళ్లు ఆటోలో వేసుకుని మూడు ఆస్పత్రులు తిరిగారు. ఆ సంగతి నాకు ఆమె బతికి ఇంటికొచ్చాక తెలిసింది. "నువ్వు గాల్లో ఉంటివి, నీకెట్ల చెప్పాలె" అంది. నేను గాల్లో లేను. పరుపు మీద పడుకుని టీవీ చూస్తున్నాను.

ఆ తర్వాత నెలకే కంపెనీ నుంచి నాలుగు లైన్ల ఉత్తరం ఫోన్‌లోకి వచ్చింది. ప్రస్తుతానికి మీ సేవలు అవసరం లేదు, మళ్లీ అవసరమైతే పిలుస్తాం. నాతో శిక్షణ తీసుకున్నవాళ్లలో ఒకామె ఇంట్లో కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టింది, ఒకామె బ్యాంకు పరీక్షలకు కూర్చుంది. విమానాలు నిండుగా ఎగరడం మొదలయ్యాక కూడా వాళ్లు వెనక్కి వెళ్లలేదు. జీతం చాలక వెళ్లలేదని జనం అనుకుంటారు. జీతం ఒక్కటే అయితే మేమంతా వెళ్లేవాళ్లమే. మనవాళ్ల ప్రాణం మీదికి వస్తే మనం ఎక్కడుంటామో ఒకసారి తెలిసిపోయాక, ఆ నవ్వు మళ్లీ ముఖానికి రాదు.

నేను సోలాపూర్ వచ్చేసరికి అమ్మ ఎడమ కన్ను పూర్తిగా మసకబారింది. శుక్లం. ఆపరేషన్ తేదీ వాయిదా పడుతూనే ఉంది. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర పక్కకు పోయేది. బీడీలు సరిగ్గా అందించకపోతే కార్ఖానాలో ఆమె పని కార్డు పోతుంది, ముప్పై ఏళ్ల కార్డు. అందుకని మధ్యాహ్నం ఆమె కునుకు తీసే వేళ నేను చాట ముందు కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచి చూసిన పనే అయినా చేతికి రావడానికి నెల పట్టింది. నేను చుట్టినవి ఆమె చుట్టినవాటిలో కలిపి ఇరవై ఐదేసి బీడీల చొప్పున కట్టలు కట్టేదాన్ని. అమ్మ ఆ కట్టలను వేళ్లతో తడిమి సంచిలో వేసుకునేది. ఆమెకు తెలియలేదనుకుని మురిసిపోయాను.

ఒకరోజు బరువెక్కువగా ఉందని సంచి మోసుకుని ఆమెతో కార్ఖానా దాకా వెళ్లాను. లోపలికి రావద్దంది, గేటు పక్కన నిలబడ్డాను. బల్ల దగ్గర చెకర్ ఒక కట్ట విప్పాడు, ఇంకొకటి విప్పాడు. రోజుకు వందల మంది ఆడవాళ్ల బీడీలు చూసే మనిషి, పెద్దవాళ్లందరినీ మావశీ, అంటే పిన్నీ, అని పిలుస్తాడు. ఎవరు చుట్టిందో మూతి చూసి చెప్పేస్తాడని కాలనీలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా కలిపాను.

"మావశీ, ఇవి నీ చేతివి గావు. ఎవరియి ఇవి?"

అమ్మ విప్పిన కట్టను దగ్గరికి లాక్కుంది. తర్వాత, "పక్కింటామెయి. ఆమెకు పానం బరోబర్ లేకుంటె నావాట్ల కలిపిన" అంది.

"నీ బిడ్డ ఇంటికాడనే ఉన్నది గద?"

"దానికి బీడీ ఎట్ల వట్టుకోవాల్నో సుత రాదు. అది ఇమానంల చేస్తది."

ఆ మాటలు గేటు దాకా వచ్చాయి. కోపం రావాలి, రాలేదు. ఆ ముంబై గదిలో నేనన్న మాట నా చెవిలోనే మళ్లీ వినపడింది. నేను ఆమె పని దాచాను, ఆమె నా పని దాచింది. దాచిన పని మాత్రం ఒక్కటే.

ఆ వారంలోనే కంపెనీ మళ్లీ పిలిచింది. పది రోజుల్లో జవాబు చెప్పాలి. అమ్మ ముఖం ఎంత వెలిగిందంటే, అసలు సంగతి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. దాజీ పేట్‌లో టవళ్లు బయటి దేశాలకు పంపే ఒక సేఠ్ దగ్గర పని మాట్లాడుకున్నానని, ఉత్తరాలు రాయడం, సరుకు చూసి పంపడం నా పని అని చెప్పాను. విమానానికి పోనన్నాను.

"గీ చాట కాడ కూసుండవెట్టనీకె పెంచిన్నా నిన్ను?" అని అరిచింది. "జనాలకు ఏమని చెప్పాలె?"

"జనాల సంగతి తర్వాత. నేను ఆడ నీ గురించి ఏం చెప్పిన్నో ఇను ముందు" అని ఆ ఇంటర్వ్యూ మాట చెప్పేశాను. అటక మీది పెట్టె సంగతి కూడా చెప్పాను.

అమ్మ చాటలోని తంబాకును ఒక పక్కకు నెట్టింది. "ఇంట్లనే ఉంట గద నేను, అబద్ధమేమున్నది అండ్ల" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. "పెట్టె ఎందుకు మూట గట్టేదానివో నాకు ఎరికనే" అంది. ఆ మాటకు నేను ఏడ్చాను. ఆమె ఊరుకోబెట్టలేదు, పని చేసుకుంటూ కూర్చుంది.

మళ్లీ కార్ఖానాకు వెళ్లే రోజు నా బీడీలు వేరుగా కట్టమంది. ఈసారి గేటు దగ్గర ఆగనివ్వలేదు, చెయ్యి పట్టుకుని బల్ల దాకా తీసుకుపోయింది. నా కట్టలు ముందు పెట్టింది.

"ఇవి నా బిడ్డయి. మొన్నటియి సుత దానియే. అబద్ధమాడిన."

చెకర్ నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "మరి ఇమానం?"

"ఇడిసిపెట్టింది. సోమారం కెళ్లి దాజీ పేట్ల వేరే కామ్ ఉన్నది దానికి. నువ్వు బీడీలు చూడు."

అతను చూశాడు. సగం తీసి పక్కన పడేశాడు. బీడీలు తీసేస్తే అతనితో పోట్లాడకుండా అమ్మ ఏనాడూ ఇంటికి వచ్చేది కాదు. ఆ రోజు పోట్లాడలేదు, పనికిరానివన్నీ కొంగులో పోసుకుంది.

ఇంటికొచ్చాక వాటి దారాలు విప్పి తంబాకు చాటలో రాల్చుకుంది. తడి సంచిలోంచి ఒక ఆకు తీసింది. సోమవారం నుంచి నాకు ఆ పనితో అవసరం లేదని ఆమెకూ తెలుసు. అయినా చాటను నా ముందుకు జరిపి, నా బొటనవేలు తన చేతిలోకి తీసుకుని, మూతి ఎక్కడ మడవాలో చూపించింది.